ఫార్

కాశీనగర్‌లో రైలుకట్ట పక్కన నా ట్యూషను.
రేకుల షెడ్డు, ఆరుగురు పిల్లలు, ఒక బల్బు.
ఇళ్ళల్లో తెలుగు, బళ్ళో ఒడియా,
కొండ దిగివచ్చే సుదాం నోట్లో సవర.
వీటన్నిటి నడిమిన, చాప కింద చోటు వెతికి,
రోజుకొక ఇంగ్లీషు మాట దింపుతాను.

ఇవాళ్టిది చిన్నదే. మూడక్షరాలు.
ఫార్ అంటే దూరం, అన్నాను.
"ఒడియాలో కూడా అదే కదండీ!" ప్రసన్న సంబరపడ్డాడు,
సగం పని తగ్గినట్టు.

తగ్గలేదు.
సో ఫార్ అంటే ఇంతవరకూ అని.
అక్కడ దూరం లేదు, కాలం ఉంది.
ఫార్ బెటర్ అంటే ఎంతో నయమని.
అక్కడ నడక లేదు, తూకం ఉంది.
ఫార్ ఫ్రమ్ రిచ్ అంటే
డబ్బుకి ఎడంగా నిలబడ్డాడని కాదర్రా,
డబ్బే లేదని.
"అయితే మావే," అంది వెనక వరస.

మన దూరం మాత్రం తక్కువదా?
(ఇది పిల్లలకి చెప్పలేదు.)
"అక్క మూడ్రోజులు దూరం" అంటే
అక్క ఊరు దాటినట్టు కాదు, వసారాలోనే ఉన్నట్టు.
సందులోంచి లోపలికి రావడమూ దూరడమే,
వచ్చినవాణ్ణి తిట్టడమూ దూరడమే.
ఒక్క సున్న చేరితే చాలు,
లోపలికి దూరినవాడు దూరం.

దాలమ్మ నాయనమ్మకి ఈ గొడవలేవీ లేవు.
వంశధార అవతల తన పుట్టిల్లు
రెండు అడ్డచుట్టల దవ్వు.
ఒకటి రేవుదాకా, ఒకటి రేవు నుంచి.
ఏరు పొంగిన నెలల్లో
కట్ట మొత్తం కాల్చినా చేరదు.

"ఏరెక్కడే?" అడిగాను దాలమ్మని.
గెడ్డం ఎత్తింది: అదిగో.
"మామ్మ వాళ్ళూరు?"
అల్లదిగో.
"మీ నాన్న?"
అల్లా...ఆ...ఆ...
ఊపిరి అయిపోయేదాకా లాగింది.
సుదాం తన కొండకోసం అందుకున్నాడు,
మిగతావాళ్ళు ఎవరికోసమో తెలీకుండానే.
రేకులు కూడా కాసేపు మోగాయి.

ఇంగ్లీషులో అలా లాగకూడదర్రా, అన్నాను.
ముందు వెరీ పెట్టుకోవాలి, కావాలంటే రెండు.
ఫార్ పొడుగు ఎప్పుడూ ఒకటే,
గడప అవతలైనా, గుజరాత్ అయినా.
పిల్లలు నావైపు చూశారు,
చిల్లర తక్కువిచ్చిన కొట్టువాణ్ణి చూసినట్టు.

మర్నాడు దాలమ్మ కాగితంలో ఒకటే వాక్యం.
మా నాన్న దూరంగా ఉన్నాడు, ఇంగ్లీషులో.
ఎఫ్ తరవాత ఒక్క ఎ ఉండాల్సిన చోట
ఏడు.
ఆర్ పాపం మార్జిను దాటి అంచున వేలాడుతోంది.

"ఆరు ఎక్కువే. కొట్టెయ్," ఎర్రపెన్ను మూత తీశాను.
చూపుడు వేలు పెట్టింది, ఒక్కో ఎ మీద ఆగి ఆగి:
"ఇది నౌపడండి. ఇది విజీనారం. రాయగడ.
టిట్లాగడ్, రాత్రి నీళ్ళు దొరకవంట.
రాయపూరు. నాగపూరు, నారింజలు కొన్నాడు.
ఇది బూసావలు.
ఆర్ అంటే సూరత్తండి, అక్కడే మిల్లు.
ఇందల ఏ 'ఎ' తీసీమంతారు?
ఏ టేసన్లో దింపీమంతారు మా నాన్నని?"

"పరీక్షలో మార్కు పోద్దే."
"పోనీండి."

గుణుపూర్ బండి కూసింది.
ఆరుగురూ ఒకేసారి పుస్తకాలు మూశారు,
బెల్లు నాది కాదని ఎప్పట్నుంచో తెలుసు వాళ్ళకి.

రాత్రి మిగతా అయిదు కాగితాలూ దిద్దాను.
అయిదు ఫార్‌లూ సరిగ్గానే ఉన్నాయి,
ఒక్కొక్క ఎ తో, పొట్టిగా,
పొరుగింటికి పంచదార అడగడానికి వెళ్ళినట్టు.
పూర్తి మార్కులు వేశాను.

దాలమ్మది, సో ఫార్,
దిద్దలేదు.